ఇంటి ఆవరణలో చెట్టు: ఉంచాలా, కొట్టించాలా?

ఈదురుగాలి వచ్చి వెళ్లిన మర్నాడు చెట్లు కొట్టేవాళ్లకు చేతినిండా పని. ఎదురింటి తురాయి కొమ్మ విరిగి కారు మీద పడిందని పక్కింటివాళ్లు భయపడి తమ వేపను కొట్టించేస్తారు. ఆ వేపకు ఏ లోపమూ ఉండదు. అదే వీధిలో మొదలు దగ్గర అరచేతంత పుట్టగొడుగులు పట్టిన నిద్రగన్నేరు మాత్రం ఆకుపచ్చగా కళకళలాడుతోందని అందరూ దాని కిందే బండ్లు పెడతారు. చెట్టు ప్రమాదకరమా కాదా అన్నది ఆకులు చెప్పవు. లోపలి చెక్కంతా కుళ్లినా బెరడు కింది సన్నటి పొర బాగున్నంతకాలం పైన చిగుళ్లు వస్తూనే ఉంటాయి.

నిర్ణయానికి మూడు విషయాలు తేల్చుకుంటే చాలు. ఇది విరిగే, కూలే అవకాశం ఎంత? పడితే దేని మీద పడుతుంది? ఈ రెండింట్లో ఏదో ఒకదాన్ని మార్చగలమా? మూడోదానికి జవాబు ‘లేదు’ అని తేలినప్పుడే గొడ్డలి మాట ఎత్తాలి. ఆకులు రాలుతున్నాయి, కాకులు గూళ్లు పెడుతున్నాయి, వాస్తుకు కుదరలేదు అనే కారణాలు మీ ఇష్టానికి సంబంధించినవి, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

పరీక్షకు ఓ గంట పడుతుంది. కావలసినవి: టేపు, రబ్బరు సుత్తి లేదా చెక్క సుత్తి, పాత సైకిల్ చక్రం పుల్ల ఒకటి, చిన్న కత్తి, కెమెరా ఉన్న ఫోను. ఏడాదికి రెండుసార్లు చూడాలి. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులకు ముందు మార్చిలో ఒకసారి. కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం కాబట్టి సెప్టెంబరులో మరోసారి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఎన్ని చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయో చూసినవాళ్లకు సెప్టెంబరు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ముందు కొలతలు

నేల నుంచి నాలుగున్నర అడుగుల (1.37 మీటర్ల) ఎత్తులో కాండం చుట్టుకొలత తీయండి. అటవీ శాఖవాళ్లు కొలిచేదీ ఆ ఎత్తులోనే, రేపు దరఖాస్తులోనూ పనికొస్తుంది. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం. ఉదాహరణకు చుట్టుకొలత 188 సెంటీమీటర్లు అయితే వ్యాసం సుమారు 60, వ్యాసార్ధం 30. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ మళ్లీ వస్తుంది.

ఎత్తుకు నీడ చాలు. ఉదయం తొమ్మిదింటికో సాయంత్రం నాలుగింటికో మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి దాని నీడ కొలవండి, వెంటనే చెట్టు చివరి నీడ దాకా మొదలు నుంచి కొలవండి. కర్ర నీడ 80 సెంటీమీటర్లు, చెట్టు నీడ 9.6 మీటర్లు అయితే చెట్టు ఎత్తు 9.6 ÷ 0.8, అంటే 12 మీటర్లు. దానికి మరో పావు వంతు కలిపి, మొదలు చుట్టూ 15 మీటర్ల వలయం ఊహించుకోండి. ఎగిరిపడే కొమ్మలు కూడా అందులోకి వస్తాయి.

ఇప్పుడు ఆ వలయంలో ఏముందో రాసుకోండి. ఎంతసేపు ఉంటుందో కూడా రాయాలి. రాత్రంతా మనుషులు పడుకునే గది, బడి ఆటో ఆగే చోటు, 11 కేవీ లైను, పక్కింటి రేకుల షెడ్డు ఒక లెక్క. వారానికోసారి అడుగుపెట్టే పెరటి మూల ఇంకో లెక్క. పొలంగట్టు మీది డొల్ల చింతను ఏళ్ల తరబడి అలాగే వదిలేయవచ్చు. అదే చింత కింద మంచం వేసుకుని పడుకుంటుంటే కుదరదు. అయితే మంచం జరపడం చెట్టు కొట్టడం కంటే తేలిక.

మొదలు దగ్గర ఎక్కువసేపు

గంటలో అరగంట ఇక్కడే గడపాలి. చెత్త, ఎండుటాకులు, తులసికోట చుట్టూ పోసినట్టు పోసిన ఇటుక ముక్కలు అన్నీ తీసేయండి. ఆరోగ్యంగా ఉన్న చెట్టు నేలలోకి దిగేచోట ఏనుగు పాదంలా వెడల్పవుతుంది. కరెంటు స్తంభంలా తిన్నగా నేలలోకి దిగిందంటే మొదలును మట్టి కప్పేసిందన్నమాట. మన ఊళ్లలో ఇది మామూలు. రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచుతారు, వాన నీళ్లు లోపలికొస్తున్నాయని ఇంటివాళ్లు రెండు మూడడుగులు మొరం పోసి టైల్స్ పరుస్తారు. చెట్టు నీటిని, పోషకాలను పీల్చుకునే సన్నవేర్లలో ఎక్కువ భాగం పైన రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. వాటికి గాలి ఆడదు, పూడిపోయిన బెరడు తడిలో నాని కుళ్లుతుంది. చెట్టు వెంటనే చావదు, రెండు మూడేళ్లకు కొనల నుంచి ఎండుతూ వస్తుంది. అప్పుడు ఎవరికీ మొరం గుర్తు రాదు, తెగులు పట్టిందంటారు. మొరం పోసి ఏడాదిలోపే అయితే పాత నేల మట్టం దాకా మొదలు చుట్టూ మట్టి తీసేస్తే చాలా చెట్లు నిలబడతాయి.

మట్టిలో పగుళ్లు చూడండి. చెట్టు ఒకవైపు వంగి, వ్యతిరేక దిక్కున నేల ఉబ్బి ఉంటే, లేదా గాలి వీస్తున్నప్పుడు నేల ఊపిరి తీసినట్టు లేచి దిగుతుంటే వేర్లు పట్టు వదిలేశాయి. ఇది రేపటి పని కాదు. ఆ వలయంలోంచి మనుషుల్ని, వాహనాల్ని వెంటనే తప్పించాలి.

ఏళ్ల కిందటే వంగి, పైభాగం మళ్లీ నిటారుగా తిరిగిన చెట్టు మాత్రం భయపడాల్సింది కాదు. వంగినవైపు తట్టుకోవడానికి అది తగినంత చెక్క పెంచుకుని ఉంటుంది. అనుమానంగా ఉంటే కాండం పక్కన తాడుకు రాయి కట్టి వేలాడదీసి ఫోటో తీసి, ఆరు నెలలకు అదే చోట నిలబడి మళ్లీ తీయండి. తేడా కనిపిస్తే వంగడం ఇంకా సాగుతోందని అర్థం.

తర్వాత పుట్టగొడుగులు. గొడుగులా మెత్తగా లేచి రెండ్రోజుల్లో వాడిపోయేవి చాలావరకు నేలలోని కుళ్లిన ఆకుల మీద పెరిగేవే. మొదలుకో వేరుకో బల్లపరుపుగా అతుక్కుని, చెక్కలా గట్టిగా, పైన గోధుమరంగు మెరుపుతో, అంచు తెల్లగా ఉండేవి వేరు. అవి గానోడెర్మా జాతివి, బయటికి కనిపించేనాటికి లోపల కుళ్లు చాలా దూరం పోయి ఉంటుంది. పీకి పారేస్తే చెట్టుకు ఒరిగేదేమీ లేదు, మనకు ఆనవాలు పోతుంది అంతే.

తెగిన వేర్లు అంతకంటే ముఖ్యం, ఎందుకంటే అది మనం చేసిన పనే. సంపు తవ్వినప్పుడు, సెప్టిక్ ట్యాంకు కట్టినప్పుడు, ప్రహరీ పునాది తీసినప్పుడు, వీధిలో డ్రైనేజీ కాలువ వేసినప్పుడు ఎంత దగ్గరగా తవ్వారో గుర్తుతెచ్చుకోండి. కాండం వ్యాసానికి 12 రెట్ల దూరం వరకు ఉన్న వేర్లు చెట్టుకు బతుకుతెరువు. మన ఉదాహరణలో అది 7.2 మీటర్లు. మూడు రెట్ల లోపు, అంటే 1.8 మీటర్ల లోపు ఉన్నవి చెట్టును నిలబెట్టే వేర్లు. ఆ మూడు రెట్ల లోపల ఒకవైపు వేర్లన్నీ తెగిపోతే ఆకులు ఎంత పచ్చగా ఉన్నా ఆ చెట్టు తీసేయాల్సిన జాబితాలోకి వస్తుంది. అదీ గాలి వచ్చే దిక్కున తెగితే మరీ.

డొల్లతనం ఎంత?

సుత్తితో కాండం చుట్టూ అడుగుకో దెబ్బ చొప్పున తట్టుతూ రండి. గట్టి చెక్క ‘టక్’మంటుంది, డొల్ల చెక్క డప్పులా మోగుతుంది. బెరడు ఊడి ఉంటే కూడా అలాగే మోగుతుంది కాబట్టి ఒక్క శబ్దంతో తీర్పు చెప్పకూడదు. మోగినచోట సుద్దముక్కతో గీసుకోండి. తొర్ర ఉంటే సైకిల్ పుల్లను లోపలి చెక్కలోకి నొక్కండి. చేత్తో నొక్కితే దిగిపోయేంత భాగం కుళ్లినట్టే లెక్క. పుల్ల ఆగిన దగ్గర్నుంచి బెరడు లోపలి అంచు దాకా మిగిలినదే గట్టి గోడ.

పనికొచ్చే కొండగుర్తు ఒకటుంది. గట్టి గోడ మందం వ్యాసార్ధంలో మూడో వంతుకు తగ్గకూడదు. మన చెట్టుకు 30లో మూడో వంతు, అంటే 10 సెంటీమీటర్లు. చుట్టూ అంత మందం ఉంటే నడుమ డొల్లయినా చెట్టు నిలబడుతుంది, గొట్టం నిలబడినట్టే. కానీ ఈ గుర్తు మూసుకుని ఉన్న డొల్లకు మాత్రమే. తొర్ర నోరు చుట్టుకొలతలో మూడో వంతు మించి తెరుచుకుని ఉంటే గొట్టం చీలినట్టు, అప్పుడు 10 సెంటీమీటర్లు కూడా సరిపోవు. నోరే లేకపోతే సన్నటి పొడవాటి డ్రిల్ బిట్టుతో మోగినచోట మూడు నాలుగు రంధ్రాలు చేసి చూడొచ్చు. పొట్టు గట్టిగా రాలుతున్నంతసేపు గట్టి చెక్క. పొట్టు నల్లబడి బిట్టు ఒక్కసారిగా లోపలికి జారితే కుళ్లు మొదలైంది. అవసరం లేకుండా రంధ్రాలు చేయొద్దు, కుళ్లుకు అవే కొత్త దారులు.

తొర్రలో సిమెంటు నింపించడం ఇప్పటికీ కొన్నిచోట్ల చేస్తున్నారు. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. మధ్యలో సందు పడి తడి నిలిచి కుళ్లు ఇంకా పెరుగుతుంది.

బెరడు మీది చెదపుట్టను చూసి కంగారు పడక్కర్లేదు. చెదలు మామూలుగా తినేది చచ్చిన బెరడునే. పుట్ట గీకేసి కింద చూడండి. తడి చెక్క కనిపిస్తే చాలు. పొడి చెక్కలోకి దారులు పోతే అక్కడ ముందే ఏదో చచ్చిందని గుర్తు.

పంగలు, కొమ్మలు

రెండు మానులు సమానంగా లేచిన చెట్టు పంగను దగ్గరగా చూడండి. అర్ధచంద్రంలా వెడల్పుగా ఉంటే గట్టిది. ఇరుగ్గా మొదలై మధ్యలో బెరడు లోపలికి మడతపడి ఉంటే రెండు మానులు అతుక్కోలేదు, పక్కపక్కన ఒరుసుకుని నిలబడ్డాయంతే. ఆ మడత కింద పగులు కనిపించినా, పగులులోంచి తడి కారినా ఈ వానాకాలం గడుస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. పగులు ఇంకా రాకపోతే బరువైన మాను కొనలు తగ్గించి, పైన మూడింట రెండొంతుల ఎత్తులో రెండింటినీ ఉక్కు తాడుతో కలిపించవచ్చు. తాడును కాండం చుట్టూ బిగించకూడదు, బెరడు కోసుకుపోతుంది. బోల్టుతో పట్టించాలి.

తీగలకు తగులుతున్నాయని ఏటా ఒకే వైపు నరికించుకున్న చెట్లు, ‘గుండు’ చేయించుకున్న చెట్లు ప్రత్యేకం. నరికినచోట గుంపుగా లేచే చిగురు కొమ్మలు లోపలి చెక్కలోంచి పుట్టినవి కావు, పైపైన అంటుకున్నవి. నాలుగైదేళ్లకు అవి చేయి మందం అవుతాయి, పుట్టినచోట కుళ్లుతో పాటు. గాలికి ముందు ఊడేవి అవే. గుంపులోంచి ఒకటి రెండు ఉంచి మిగతావి తీయిస్తూ పోతే చెట్టు దారికొస్తుంది.

జాతి కూడా చూడాలి. తురాయి, పసుపుపూలు పూసే పెల్టోఫోరం (కొండచింత), ఆకాశమల్లె, నీలగిరి పెళుసువి. చిన్న లోపం కనిపించినా గట్టిగా పట్టించుకోండి. చింత, వేప, నేరేడు, కానుగ గాలిని బాగా తట్టుకుంటాయి, వాటికి కొంత వెసులుబాటు ఇవ్వొచ్చు.

చచ్చిందా, ఆకు రాల్చిందా?

కొట్టించిన తర్వాత ఎక్కువమంది బాధపడేది ఇక్కడే. వేప ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలుస్తుంది, తురాయి ఎండాకాలం మొదట్లో మోడులా ఉంటుంది. 2021 వానాకాలం తర్వాత తెలంగాణలోనూ ఆంధ్రలోనూ వేపచెట్లు కొనల నుంచి కాలిపోయినట్టు ఎండాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం కలిగించే కొనకుళ్లు, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు. చచ్చిపోయాయనుకుని కొట్టించినవాళ్లున్నారు. ఓపిక పట్టిన చాలామంది వేపలు తర్వాతి ఎండాకాలానికి చిగుర్చాయి. కాబట్టి ఆగస్టు నుంచి డిసెంబరు మధ్య వేప ఎండితే ఏప్రిల్ దాకా ఆగండి.

ఈలోగా గీటు పరీక్ష చేయండి. కొనకొమ్మ, మధ్యకొమ్మ, మాను మూడుచోట్ల గోరంత బెరడు గీకండి. కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణం ఉంది. పొడిగా గోధుమరంగుగా ఉంటే ఆ కొమ్మ పోయింది, ఇంకా మొదలువైపు గీకుతూ రండి. చెట్టు గుబురులో సగానికి మించి ఎండిపోతే, లేదా మొదలు దగ్గర బెరడు సగం చుట్టుకొలత మేర చచ్చిపోతే సాధారణంగా కోలుకోదు. దండెం కట్టిన ఇనుప తీగ, దీపాల తీగ కాండంలో దిగబడి పైభాగాన్ని ఎండబెడుతున్న సందర్భాలూ ఉంటాయి. తీగ కోసేసి ఏడాది చూడండి.

కొబ్బరి లెక్క వేరు

కొబ్బరికి ఎదిగే మొన ఒక్కటే. మొవ్వు కుళ్లి, లాగితే ఊడి చేతికొస్తే, చుట్టూ మట్టలు పచ్చగా ఉన్నా ఆ చెట్టుకు ముందుకాలం లేదు. తుపాను తర్వాత మట్టలన్నీ విరిగినా మొవ్వు నిలిచి ఉంటే మాత్రం ఆరు నెలలు సమయం ఇవ్వండి. కొబ్బరి కాండానికి అయిన గాయం మామిడిలా పూడదు, ఎక్కడానికి కొట్టిన మెట్లు జీవితాంతం అలాగే ఉంటాయి. ఎర్రముక్కు పురుగు తొలిచిన రంధ్రం నుంచి ఎర్రటి జిగురు, నమిలిన పీచు కనిపించి, చెవి ఆనిస్తే లోపల కొరుకుతున్న చప్పుడు వినిపిస్తే, తల విరిగిపడే ప్రమాదం ఉంది. మొదలు పైన మూడడుగుల వరకు గోధుమరంగు ద్రవం కారుతూ మట్టలు కాండాన్ని అంటుకుని వేలాడితే గానోడెర్మా తెగులు. పక్క చెట్లకు పాకకుండా ఎండిన చెట్టును వేళ్లతో తవ్వి తీసి కాల్చేయాలి. కేవలం వంగిందని కొబ్బరిని కొట్టకండి, వంగడం దాని స్వభావం. కాయలు పడే ప్రమాదానికి రెండు నెలలకోసారి దించుకోవడమే మందు.

గోడ పగిలింది, చెట్టే కారణమా?

కిటికీ మూల నుంచి ఏటవాలుగా, పైన వెడల్పుగా కింద సన్నగా దిగే పగులైతే నేల కుంగడాన్ని అనుమానించాలి. శ్లాబు కింద అడ్డంగా సూటిగా నడిచేది ఎక్కువగా ఎండకు శ్లాబు వ్యాకోచించడం వల్ల వస్తుంది, చెట్టుకు సంబంధం లేదు. పగులుకు అటూ ఇటూ పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, తేదీ వేసి, మే నెలలో ఒకసారి సెప్టెంబరులో ఒకసారి కొలవండి. ఎండాకాలం వెడల్పై, వానలకు మూసుకుంటే, ఇల్లు నల్లరేగడి మీద ఉంటే, వేర్లు నీరు లాగి నేలను కుదిస్తున్నాయనవచ్చు. చల్కా, ఎర్రనేలల్లో ఇది అరుదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఇంటికంటే ముందు నుంచి ఉన్న పెద్ద చెట్టును నల్లరేగడిలో ఒక్కసారిగా తీసేస్తే అది తాగే నీరంతా నేలలో ఉండిపోయి రేగడి ఉబ్బుతుంది. గోడలు ఈసారి పైకి లేచి పగులుతాయి. అలాంటప్పుడు గుబురును రెండు మూడు ఏళ్లలో, ఏడాదికి పావు వంతు మించకుండా తగ్గించుకుంటూ రావాలి. పునాది విషయంలో ఇంజినీరును అడగకుండా తొందరపడొద్దు.

డ్రైనేజీ పైపులో వేర్లు కనిపించాయంటే పైపు జాయింటు ముందే కారుతోందని అర్థం. చెట్టు కొట్టి ఆ జాయింటు అలాగే వదిలితే పక్కింటి చెట్టు వేరు వస్తుంది. జాయింట్లు లేని పైపు వేయించండి. ప్రహరీని ఎత్తుతున్న వేరైతే అక్కడ గోడ కొంచెం పగలగొట్టి, వేరు మీదుగా చిన్న లింటెల్ వేసి అరచేయి సందు వదిలి కట్టించవచ్చు. గోడ పగుళ్లలో మొలిచిన రావి మొక్కను మాత్రం చూసినరోజే పీకాలి, వేలు మందమయ్యాక పీకితే గోడ కూడా వస్తుంది.

అనుమతి, కొట్టించడం

సొంత స్థలంలోని చెట్టయినా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. అటవీ రేంజ్ కార్యాలయంలో, నగరాల్లో మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్‌లో కూడా అడగండి. కొన్ని జాతులకు మినహాయింపులుంటాయి, మీ చెట్టు పేరు చెప్పి అడిగితే తేలిపోతుంది. టేకు, ఎర్రచందనం, చందనం అయితే కొట్టడానికే కాదు, కలప కదలించడానికీ పత్రం కావాలి. దరఖాస్తులో చెట్టు పేరు, చుట్టుకొలత, కారణం, స్థలం పత్రం నకలు, లోపం స్పష్టంగా కనిపించే ఫోటోలు పెట్టండి. ‘ప్రమాదకరంగా ఉంది’ అని రాయడం కంటే ‘గట్టి గోడ 6 సెంటీమీటర్లే ఉంది, పడకగదికి 4 మీటర్ల దూరం’ అని రాస్తే పని త్వరగా అవుతుంది. కొట్టిన చెట్టుకు రెండు మొక్కలు నాటాలన్న షరతు ఉంటుంది.

కట్టెకు కొట్టేవాణ్ణి ‘ఈ చెట్టు తీయాలా?’ అని అడగొద్దు. కట్టె అతనికి పోతుంది, జవాబు ముందే తెలుసు. పరీక్ష మీరు చేసి, లేదా తోటల శాఖ, అటవీ శాఖ వాళ్లతో చూపించి, తర్వాతే అతన్ని బేరానికి పిలవండి. బేరంలో కట్టె ఎవరిది, కొమ్మలు ఎవరు ఎత్తాలి, మోడు తవ్వడం ఉందా లేదా, ప్రహరీ పగిలితే ఎవరు కట్టివ్వాలి అన్నవి ముందే తేల్చుకోవాలి. తీగలు దగ్గర్లో ఉంటే విద్యుత్ శాఖవాళ్లు కరెంటు ఆపి లైన్ క్లియర్ ఇచ్చాకే మనిషి చెట్టెక్కాలి. కొమ్మలు పై నుంచి మోకులతో దించుకుంటూ రావాలి, మాను ముక్కలుగా కోయాలి. బాగా వంగిన మానును పడేవైపు గాటు పెట్టకుండా వెనక నుంచి ఒకే కోతగా కోస్తే మధ్యలో నిలువునా చీలి కోసేవాడి మీదికే వస్తుంది. ట్రాక్టరుకు తాడు కట్టి లాగడం మొదలుపెడితే పని ఆపించండి.

మోడు వదిలేస్తే వేప, రావి మళ్లీ చిగురిస్తాయి. వేర్లు కుళ్లే కొద్దీ ఏళ్ల తరబడి ఆ చోట నేల దిగుతుంది, అందుకే మోడు తవ్విన గుంటను తడుపుతూ దిమ్మిస కొట్టి నింపినా రెండు వానాకాలాలు గడిచేదాకా దాని మీద టైల్స్ వేయించకండి. గానోడెర్మాతో పోయిన కొబ్బరి గుంటలోనే మళ్లీ కొబ్బరి మొక్క పెట్టకండి.